జనవరి ఒకటిన పుట్టినవాళ్ళు

"మీరు ఆ రోజు పుట్టలేదమ్మా" అని ఎనభై నాలుగేళ్ళ ముసలామెతో కిటికీ అవతలి అమ్మాయి చెబుతుంటే నేను పక్కనే నిలబడి విన్నాను.

ఆ ముసలామె ఐడెల్లా హాబ్స్. మా బేతబారా చర్చి సంఘంలో పెద్దతల్లులని పిలుచుకునే, ముందు వరుసలో కూర్చునే ముసలమ్మల్లో ఒకతె. చూపు బాగా తగ్గిపోయింది. చేతికర్ర గోడకానించి, ముఖం అద్దానికి దగ్గరగా పెట్టి అడిగింది.

"నేను పుట్టినప్పుడు నువ్వు అక్కడున్నావా తల్లీ?"

"నేను కాదమ్మా, కంప్యూటర్ చెబుతోంది."

"పోనీ అదైనా ఉందా?"

వెనక వరుసలో ఇద్దరు నవ్వారు. ఆ అమ్మాయి నవ్వలేదు. కౌంటీ ఎన్నికల ఆఫీసులో కొత్తగా చేరిన పిల్ల, పాతికేళ్ళుంటాయేమో. ఐడెల్లా తెచ్చిన ఉత్తరాన్ని అద్దం కింది సందులోంచి వెనక్కి తోసింది. పోస్టు ఓటు కోసం మీరు పెట్టుకున్న దరఖాస్తులోని పుట్టిన తేదీ మా రికార్డుతో సరిపోలేదు, కాబట్టి దరఖాస్తును ఆపి ఉంచాము అని అందులో ఉంది. ఆ సోమవారం మా సంఘంలో ఇరవై మూడు ఇళ్ళకు అదే ఉత్తరం వచ్చింది.

నా పేరు థడ్డియస్ బ్రాంట్లీ. ముప్పై ఒక్క ఏళ్ళు బడి బస్సు నడిపాను. సంఘంలో పరిచారకుణ్ణి, సభ్యుల పుస్తకం రాసే గుమాస్తాను కూడా. పోరాటాల గురించి చెప్పేంత చదువు నాకు లేదు. కోళ్ళ ఫ్యాక్టరీలో పనిచేసే కుర్రాళ్ళూ కాలేజీ పిల్లలూ జరిగింది జరిగినట్టు చెప్పమని అడిగారు. అలా చెప్పాలంటే మొదట నా తప్పుతోనే మొదలుపెట్టాలి.

పాత రోజుల్లో పోస్టు ఓటు దరఖాస్తు మీద సంతకం చాలు. పాత సంతకంతో పోల్చి చూసి ఓటు కాగితం ఇంటికి పంపేవారు. కొత్త చట్టం వచ్చాక లైసెన్సు నంబరు రాయాలి, పుట్టిన తేదీ రాయాలి, ఇదంతా నిజమని ప్రమాణం చేసి సంతకం పెట్టాలి. పోలింగుకు పదకొండు రోజుల ముందే అది ఆఫీసుకు చేరాలి. మా వైపున్న నాలుగు పోలింగు కేంద్రాలు మూసేసి అందరినీ కౌంటీ పట్నానికి రమ్మన్నారు. మాకది ఇరవై రెండు మైళ్ళు. మంచం పట్టినవాళ్ళకు పోస్టు తప్ప దారి లేదు.

సెప్టెంబరులో ఒక ఆదివారం, ఆరాధన అయి భోజనాలు ముగిశాక, చర్చి కింది హాల్లో, రాగలిగిన ముసలివాళ్ళందరినీ కూర్చోబెట్టి కాగితాలు నింపడం మొదలుపెట్టాను. అడుగున ఉన్న ప్రమాణం గట్టిగా చదివాను. అప్పుడు ఐడెల్లా అడిగింది.

"ప్రమాణం అంటున్నావు గదా థడ్డియస్. మరి ఏ తేదీ రాస్తావు?"

అక్కడున్న ఒక్కొక్కరికీ రెండేసి పుట్టినరోజులున్నాయి.

వాళ్ళంతా మంత్రసాని చేతుల్లో పుట్టినవాళ్ళు. ఆ కాలంలో నల్లవాళ్ళ కాన్పుకు ఆస్పత్రీ లేదు, కాగితమూ లేదు. మంత్రసాని ఆదివారం చర్చికొచ్చి చెప్పేది. గుమాస్తా పుస్తకంలో రాసేవాడు: ఫలానా రోజున ఫలానా ఆమెకు ఆడబిడ్డ. ఈ కౌంటీలో మావాళ్ళు పుట్టారనడానికి ఆ పుస్తకం ఒక్కటే సాక్ష్యం. తర్వాత పందొమ్మిది వందల అరవై ఆరులో, నల్లవాళ్ళు ఓటు నమోదు చేసుకోవచ్చని చట్టం వచ్చిన మరుసటి ఏడు, వాళ్ళంతా కోర్టు భవనం ముందు వరుసకట్టారు. పుట్టిన కాగితం ఏదని కోర్టు గుమాస్తా అడిగాడు. లేదన్నారు. "పందెపు గుర్రాలకి ఎప్పుడు పుట్టినా జనవరి ఒకటినే వయసు లెక్కేస్తారు. మీకూ అదే చాలు" అని నవ్వుతూ అందరికీ జనవరి ఒకటి వేశాడు. ఆ తేదీయే తర్వాత లైసెన్సుల మీదికీ పింఛను కార్డుల మీదికీ పాకింది. డాక్టరు దగ్గరా బ్యాంకులోనూ అదే రాస్తూ వచ్చారు. కానీ ఏ కాగితమూ వాళ్ళను ప్రమాణం చెయ్యమనలేదు.

"ప్రమాణం చేసేటప్పుడు నిజమే రాయాలి" అన్నాను నేను.

లోపలి గదిలోంచి పుస్తకం తెచ్చి, ఇరవై మూడు కాగితాల మీదా నా చేత్తోనే అసలు తేదీలు రాశాను. సహాయం చేసినవారి పేరు అన్న చోట నా పేరు రాశాను. మంచం పట్టినవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి సంతకాలు తెచ్చాను. ముసలివాళ్ళు ఒకరి తేదీ ఒకరికి చెప్పుకుంటూ, "నువ్వు నాకన్నా చిన్నదానివా, ఇన్నాళ్ళూ నా మీద పెత్తనం చేశావే" అని నవ్వుకున్నారు. ఆ పూట నాకెంతో తృప్తిగా ఉంది. అది తప్పేనా అని దేవుణ్ణి ఇప్పటికీ అడుగుతున్నాను. ఆయన ఇంకా జవాబు చెప్పలేదు.

ఐడెల్లాను కిటికీ దగ్గర వదిలి నేను లోపలికి వెళ్ళాను. ఎన్నికల బోర్డు అధ్యక్షుడు హాల్‌స్టెడ్ రమ్మన్నాడు. ఆయనకు దాణా దుకాణం ఉంది. మనిషి మర్యాదస్థుడే. ఆయన పిల్లలిద్దరూ నా బస్సులోనే బడికి వెళ్ళారు.

"కూర్చో థడ్డియస్. ఇరవై మూడు కాగితాలు, ఒకటే దస్తూరీ, ఇరవై మూడు తప్పుడు తేదీలు. నా చోట నువ్వుంటే ఏమనుకుంటావ్?"

ఉన్నదంతా చెప్పాను. ఆయన చివరిదాకా విన్నాడు.

"నేను నిన్ను నమ్ముతాను. చట్టం నమ్మదు. ఒక దారుంది" అంటూ కాగితాల కట్ట ముందుకు జరిపాడు.

అందులో ఒక్కటే వాక్యం. నాకు తెలియకుండా చర్చి గుమాస్తా నా దరఖాస్తులో తప్పుడు తేదీ రాశాడు అని. కింద సంతకానికి చోటు.

"శుక్రవారం అయిదింటిలోపు ఇది సంతకం పెట్టి తెచ్చినవాళ్ళ కొత్త దరఖాస్తు తీసుకుంటాం. పెట్టనివాళ్ళవి విచారణ అయ్యేదాకా ఆగుతాయి."

"విచారణ ఎప్పుడండీ?"

"ఎన్నికల తర్వాత."

"మరి నా సంగతి?"

ఆయన కిటికీలోంచి పార్కింగు వైపు చూశాడు. "మంచి వకీలును చూసుకో" అన్నాడు.

బుధవారం సాయంత్రం ప్రార్థన అయ్యాక ఆ కాగితాలు బల్ల మీద పరిచాను. సంతకాలు పెట్టమని నేనే అడిగాను. నాకేమైనా ఫరవాలేదని చెప్పాను. అది పూర్తిగా నిజం కాదు. నాకు భయంగానే ఉంది. అయినా వాళ్ళ ఓట్లు నా చేతి రాత వల్ల పోతున్నాయన్న బాధ అంతకన్నా ఎక్కువగా ఉంది.

మొదట లేచినవాడు మార్సెల్ పిట్మన్. కోళ్ళ ఫ్యాక్టరీలో బతికున్న కోళ్ళను కొక్కేలకు వేలాడదీసే పని అతనిది. వేళ్ళు ఉబ్బిపోయి పిడికిలి ముడవడం కూడా కష్టం. నిరుడు అక్కడ యూనియన్ పెట్టింది అతనే.

"పెట్టెయ్యండి పెద్దమ్మలూ" అన్నాడు. "పోయినసారి మన శాసనసభ సీటు పదిహేడు ఓట్లతో పోయింది. ఆస్పత్రి మూసేయించినవాడు మళ్ళీ నిలబడ్డాడు. ఇవి ఇరవై మూడు ఓట్లు. ముందు వాణ్ణి దించుదాం. బ్రాంట్లీ బాబాయి కోసం తర్వాత అందరం కలిసి కొట్లాడదాం."

"తర్వాత అంటే ఎప్పుడురా?" అంది ఐడెల్లా.

"గెలిచాక."

"నిరుడు మీ ఫ్యాక్టరీలో ఏమైంది? యూనియన్ కాగితాలు పంచినోళ్ళలో ఒక్కడి పేరు చెప్పండి, మిగతావాళ్ళని పనిలో ఉంచుతానని సూపర్‌వైజరు అన్నాడంటగా. చెప్పారా?"

"చెప్పలేదు."

"ఎందుకు చెప్పలేదు?"

"అది వేరు పెద్దమ్మా."

"ఏం వేరు? అక్కడ మీ చేతుల్లో కోళ్ళున్నాయి, ఇక్కడ మా చేతుల్లో పెన్ను పెట్టారు. అడిగేది మాత్రం ఒకటే."

మార్సెల్ కూర్చున్నాడు. తర్వాత గంటసేపు వాదన జరిగింది. కొందరు పెడదామన్నారు. ఒకామె పెన్ను కూడా తీసింది, మళ్ళీ మూతపెట్టింది. మనం సంతకం పెడితే థడ్డియస్ జైలుకు పోతాడు, పెట్టకపోతే ఆస్పత్రి రాదు, దేవుడు మనల్ని ఎటు నెట్టాడో చూడండి అని మరొకామె ఏడ్చింది. చివరికి అందరిలో పెద్దదయిన లూవీనియాను అడుగుదామని అనుకున్నారు.

లూవీనియా స్పైట్స్ మార్సెల్‌కు నాయనమ్మ. ఎనభై ఏడేళ్ళు. ఆ ఏడు వసంతంలో తుంటి విరిగింది. మా ఆస్పత్రి మూతపడి రెండేళ్ళయింది కాబట్టి అరవై మైళ్ళు అంబులెన్సులో తీసుకెళ్ళారు. ఎముక సరిగ్గా అతకలేదు. అప్పటినుంచి మంచం దిగలేదు. నేనూ మార్సెలూ వెళ్ళేసరికి దిండ్లకానుకుని కూర్చుని, ఒళ్ళో గిన్నె పెట్టుకుని బఠాణీలు ఒలుస్తోంది.

"రాయ్యా గుమాస్తా. నన్ను ఎన్నోసారి పుట్టించడానికొచ్చావు?"

కాగితం చదివి వినిపించాను. గింజలు ఒలవడం ఆపకుండానే వింది.

"మా అమ్మ ఆగస్టు పన్నెండున మధ్యాహ్నం దాకా పత్తి ఏరింది. గట్టు మీదికొచ్చి నన్ను కన్నది. మూడో రోజు మళ్ళీ చేలోకి దిగింది. ఆ తేదీ మా అమ్మ చెమట. ఆ కోర్టు గుమాస్తా దాన్ని కొట్టేసి గుర్రాల తేదీ వేస్తుంటే నేను నోరెత్తలేదు. నా వెనక మా ఆయనున్నాడు, చంకలో పిల్లాడున్నాడు. నోరెత్తితే దొర ఇల్లు ఖాళీ చేయిస్తాడు. యాభై ఎనిమిదేళ్ళు నోరుమూసుకున్నా థడ్డియస్. ఇప్పుడు నిజం రాస్తే దాన్ని దొంగ రాతంటున్నారు, నేనే సంతకం పెట్టి ఒప్పుకోవాలంటున్నారు."

"నా గురించి ఆలోచించకమ్మా" అన్నాను. "నీ ఓటు పోతుంది. ఇదే ఆఖరు..."

నాలుక కరుచుకున్నాను. ఆమె నవ్వింది.

"ఆఖరుదని నాకు తెలీదనుకున్నావా? అందుకేగా అంత ఇష్టం దానిమీద. నాకు ఓటెయ్యాలనుంది నాయనా. ఈ తుంటితో అరవై మైళ్ళు కుదుపుల్లో పోయినప్పటినుంచీ ఆ ఆస్పత్రి మూయించినవాడి మీద ఓటెయ్యాలని కూర్చునున్నా. కానీ నిన్ను అమ్మి తెచ్చుకున్న ఓటు నాదెట్లా అవుద్ది?"

మార్సెల్ లేచి వసారాలోకి వెళ్ళిపోయాడు.

"రేపు వాళ్ళ మీటింగుకి పో" అంది ఆమె నాతో. "నా తేదీ నా తేదీయేనని చెప్పు. బతిమాలుకోవద్దు. చెప్పు, అంతే."

గురువారం బోర్డు సమావేశం. ఎప్పుడూ ఆరేడుగురు వచ్చే గది ఆ రోజు గోడల దాకా నిండింది. ఫ్యాక్టరీ పొద్దుటి షిఫ్టు దిగినవాళ్ళు రబ్బరు బూట్లతోనే వచ్చారు. మాట్లాడేవాళ్ళకు తలా రెండు నిమిషాలు. మా ముసలివాళ్ళు ఒక్కొక్కరే మైకు దగ్గరకు వెళ్ళి తమ తేదీ చెప్పారు. ఏప్రిల్ మూడు, వరదొచ్చిన ఏడు. అక్టోబరు ఇరవై, మా నాన్నను రైలు గుద్దిన వారం. నాకు తెలీదు, ఆ పుస్తకంలో ఉంది, మా అమ్మ నన్ను కని పోయింది. ఎవరూ రెండు నిమిషాలు వాడుకోలేదు. లూవీనియా తేదీ నేను చెప్పాను.

"ఇది ప్రభుత్వ రికార్డు కాదు" అన్నాడు హాల్‌స్టెడ్, నేను తెచ్చిన పుస్తకాన్ని తెరవకుండానే.

ఐడెల్లా మైకు దొరక్కపోయినా కూర్చున్న చోటి నుంచే అంది. "మా నాన్న దగ్గర పన్ను వసూలు చేసేటప్పుడు మీ ప్రభుత్వానికి మేం పుట్టిన సంగతి బాగానే తెలిసిందే."

బోర్డు సభ్యులు ఓటు పెట్టారు. ముగ్గురు మా దరఖాస్తులు ఆపాలన్నారు, ఇద్దరు వద్దన్నారు. శుక్రవారం సాయంత్రం మేమంతా ఆ ఆఫీసు ముందు ఆవరణలో నిలబడ్డాం. అయిదు కొట్టేదాకా తలుపు తీసే ఉంది. సంతకం పెట్టిన కాగితంతో లోపలికి ఒక్కరూ పోలేదు. ఆ కొత్త పిల్ల వచ్చి మావైపు ఒకసారి చూసి తాళం వేసింది. గెలిచినట్టు ఎవరికీ అనిపించలేదు. ఇరవై మూడు ఓట్లు మా కళ్ళముందే పోయాయి. ముసలివాళ్ళు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని కార్ల దాకా నడిచారు.

లూవీనియాకు అంతా తెలుసు. అయినా శనివారం మధ్యాహ్నం పోస్టు బండి చప్పుడు వినిపించగానే మార్సెల్‌ను అడిగిందట, ఓటు కాగితం వచ్చిందా అని. ఆదివారం బండే రాదు. అయినా అడిగింది.

"రేపొస్తుందిలే నాయనమ్మా."

"అబద్ధాలు ఎప్పుడు నేర్చుకున్నావురా" అందట.

సోమవారం ఉదయం పోస్టు బండి రాకముందే ఆమె చనిపోయింది.

మావాళ్ళు శనివారమే సమాధి చేస్తారు. డెట్రాయిట్ నుంచీ షికాగో నుంచీ చుట్టాలు రావాలి కదా. మార్సెల్ మాత్రం శుక్రవారం అన్నాడు. ఎందుకురా అని పెద్దవాళ్ళు కసిరారు.

"ముందస్తు ఓటింగుకి శుక్రవారమే ఆఖరు. మా నాయనమ్మ కోసం యాభై కార్లొస్తాయి. నడవలేనోళ్ళని మోసేవాళ్ళుంటారు. మనిషిగా ఎదురుగా నిలబడితే లైసెన్సు చూసి ఓటు ఇవ్వక తప్పదు. ఇంతకాలం మనకి కార్లు లేవు, మోసేవాళ్ళు లేరు. ఆమె ఈ రెండూ తెస్తోంది."

ఐడెల్లా నెమ్మదిగా అంది. "నేను అక్కడ ఎక్కువసేపు నిలబడలేను. ఎవరైనా కుర్చీ తెండి."

శుక్రవారం మట్టి చల్లడం అయ్యాక మేము ఇళ్ళకు పోలేదు. హెడ్‌లైట్లు వేసుకున్న కార్ల వరుస శ్మశానం నుంచి నేరుగా కౌంటీ పట్నానికి సాగింది. పెద్దతల్లులంతా తెల్ల దుస్తుల్లో, తెల్ల చేతితొడుగుల్లో ఉన్నారు. పెద్దతల్లి పోయినప్పుడు మావాళ్ళు నల్లబట్టలు కట్టరు. ఆఫీసు ముందు వరుస అప్పటికే రోడ్డు మలుపు దాకా ఉంది. మా ముసలివాళ్ళు కుర్చీల్లోనూ చక్రాల బండ్లలోనూ వచ్చి దాని తోకలో చేరారు. ముందుకు రమ్మని కొందరు పిలిచారు. అందరం ఒకచోటే ఉంటామన్నారు వీళ్ళు.

నవంబరైనా ఎండ గట్టిగానే ఉంది. మార్సెల్ నీళ్ళ సీసాలు దించబోతే అక్కడ కాపలా ఉన్న పోలీసు డిప్యూటీ ఆపాడు. వరుసలో ఉన్నవాళ్ళకు ఎవరూ నీళ్ళు పంచకూడదని కొత్త చట్టం.

"ఆమెకి ఎనభై నాలుగేళ్ళు."

"నాకు తెలుసు. పంచకూడదు."

"నేను ఆమెకిచ్చి, ఆమె పక్కామెకిస్తే?"

"నన్ను ఇబ్బంది పెట్టకు తమ్ముడూ" అన్నాడు ఆ డిప్యూటీ. అతనూ నా బస్సులో ఎక్కినవాడే.

మూడు గంటలు పట్టింది. తలుపు దాకా వచ్చాక ఐడెల్లా నా మోచెయ్యి పట్టుకుంది. కళ్ళు కనిపించనివాళ్ళకు కాగితం చదివిపెట్టే మనిషిని తోడు తెచ్చుకోవచ్చు. సహాయకుడి పేరు రాసే చోట నేను పెన్ను పెట్టగానే డిప్యూటీ దగ్గరికొచ్చాడు. జేబులోంచి మడతపెట్టిన కాగితం తీశాడు. ఇరవై మూడు తప్పుడు వివరాలు రాసినందుకు నా మీద వారెంటు. పొద్దున్నే తీశారట. సమాధి అయ్యేదాకా ఆగానని మెల్లగా చెప్పాడు.

"నాకు చదివిపెట్టాక తీసుకుపో" అంది ఐడెల్లా.

"ఇప్పుడే తీసుకెళ్ళాలమ్మా. పైవాళ్ళు చూస్తున్నారు."

పేరు పూర్తిగా రాసి, సంతకం పెట్టి, పెన్ను బల్ల మీద పెట్టాను. తర్వాత చేతులు చాపాను. సంకెళ్ళు వేసి, కారు వచ్చేదాకా నడవాలోని బల్ల మీద కూర్చోబెట్టాడు. లోపలి తలుపు తీసే ఉంది. నా స్థానంలో మార్సెల్ వచ్చి ఐడెల్లా పక్కన నిలబడ్డాడు. బల్ల వెనక ఆ కిటికీ పిల్లే ఉంది.

"పుట్టిన తేదీ చెప్పండమ్మా."

"మీ పుస్తకంలోదా, నాదా?"

ఆ పిల్ల పెన్ను కాగితం మీదే ఆగిపోయింది. గదిలో అందరూ అటు తిరిగారు.

"మీదయితే జనవరి ఒకటి" అంది ఐడెల్లా. "నాదయితే జూన్ ఆరు. ఎండలకి బావి ఎండిపోయిన రోజు. నీ కాగితంలో నీది రాసుకో. నాది మాత్రం గుర్తుపెట్టుకో తల్లీ."

తర్వాతామె వచ్చింది. ఆ పిల్ల అడిగింది. ఆమె కూడా రెండూ చెప్పింది. ఆ వెనకామె కూడా. హాల్‌స్టెడ్ లోపలి గదిలోంచి వచ్చి, ఒక్క తేదీ చాలు, పని ఆగుతోంది అన్నాడు. ఎవరూ గొంతు పెంచలేదు, ఎవరూ ఒక్క తేదీతో ఆపలేదు. వరుసలో వెనకున్న ఫ్యాక్టరీ వాళ్ళు, తమకు ఒకే పుట్టినరోజు ఉన్నవాళ్ళు, అమ్మమ్మల తేదీలు, తాతల తేదీలు చెప్పడం మొదలుపెట్టారు. డిప్యూటీ నా పక్కన నిలబడి నేలకేసి చూస్తున్నాడు. కారు ఎప్పుడో వచ్చింది. అతను నన్ను లేపలేదు.

చివర్లో మార్సెల్ తన ఓటు కోసం బల్ల ముందుకొచ్చాడు. తన తేదీ చెప్పాడు. ఆ పిల్ల రాసుకుంది.

"ఇంకొకటి" అన్నాడు. "ఆగస్టు పన్నెండు. లూవీనియా స్పైట్స్."

ఆ పిల్ల జాబితాలో వెతికింది. పేరు దొరికింది. తలెత్తి తలుపు వైపు చూసింది.

"ఆవిడ వచ్చారా?"

"లేదు" అన్నాడు మార్సెల్. "మేమొచ్చాం."